నల్లోడికి పట్టిన ఉన్ని

చిత్తూరు,
11-7-1979

చి.సౌ. శకుంతలకు,

వదిన పంకజాక్షి దీవెనలు. ఇక్కడ మనుషులమందరం బాగానే ఉన్నాం. అన్నయ్యగారూ, మీ అత్తగారు రుక్మిణమ్మగారూ కులాసా అని తలుస్తాను. ఆమె పంపిన గోంగూర పచ్చడి మీ అన్న ఒక్కరే సగం లాగించేశారు. నా వంతు దాచిపెట్టుకోవలసి వచ్చింది.

నువ్వు పెళ్ళయి తెనాలి వెళ్ళాక ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరు. మీ అన్న పొద్దున బెల్లం మండీకి వెళితే మధ్యాహ్నం భోజనానికి వచ్చేదాకా నేనూ, నువ్వు పెంచిన నల్లోడూ. నీకు తెలుసు, నాకు కుక్కలంటే మొదటి నుంచీ భయమే. పుట్టింట్లో కోడిని కూడా పెంచిన ఇల్లు కాదు మాది. అయినా ఇప్పుడు వాడికి నేనే అన్నం పెడుతున్నాను. నువ్వు వెళ్ళిన కొత్తల్లో నీ గది గుమ్మం వదిలేవాడు కాదు. ఈమధ్య వరండాలో, మండీ నుంచి తెచ్చిన ఖాళీ గోతాల మీద పడుకుంటున్నాడు.

ఒక్కటే బాధ. వానలు మొదలయ్యాక వాడికి ఒళ్ళంతా ఉన్ని పట్టింది. చెవుల్లో, మెడకింద, కాలివేళ్ళ సందుల్లో అంతా ఉన్నే. పీకేకొద్దీ మళ్ళీ వస్తోంది. పగలంతా గోక్కుంటూనే ఉంటాడు. ఏం చెయ్యాలో రాయి. కుక్క సంగతులు నీకు తెలిసినట్టు నాకు తెలియవు.

మీ అన్న నిన్ను అడిగినట్టు రాయమన్నారు.

నీ వదిన,
పంకజాక్షి


రేపల్లె,
18-7-1979

వదినకు,

నమస్కారం. నేను తెనాలిలో లేను. మా ఆడపడుచు కానుపుకని అత్తయ్యా నేనూ రేపల్లె వచ్చాం. ఆడపిల్ల పుట్టింది. తెల్లగా, గుండ్రంగా, పెద్దరికంగా ఉంది. అందరి వైపూ తప్పు పట్టినట్టు చూస్తుంది.

నీ ఉత్తరం తెనాలికి వచ్చిందట. ఆయన చదివి అక్కడే మరిచిపోయి వచ్చారు. ఆదివారం ఇక్కడికి వచ్చినప్పుడు అడిగితే, "మీ నల్లోడికి ఒంటినిండా ఉన్నిలాగా బొచ్చు పెరిగిపోయిందట. చెవుల్లో కూడానట. పీకితే మళ్ళీ వస్తోందట. మీ వదిన ఏం చెయ్యాలని అడుగుతున్నారు" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. బొచ్చును పీకడం ఏమిటి వదినా? వాడికి నొప్పి పుట్టదా? వానాకాలంలో తడిసిన బొచ్చుకు దురద పుడుతుంది. మంగలిని పిలిచి చర్మం కనిపించేదాకా గొరిగించెయ్యి. వారానికే మామూలైపోతాడు.

వాడికి నా మాటగా ఒక బెల్లం ముక్క పెట్టు. ఎక్కువ వద్దు.

నీ మరదలు,
శకుంతల


చిత్తూరు,
27-7-1979

చి.సౌ. శకుంతలకు,

వదిన ఆశీస్సులు. పాపాయి పుట్టిందని తెలిసి సంతోషం. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

నేను ఉన్ని గురించి రాస్తే నువ్వు బొచ్చు గొరిగించమని ఎందుకు రాశావో నాకు అర్థం కాలేదు. కానీ కుక్క నీది, తెలిసినదానివి నువ్వు. ఏదో కారణం ఉంటుందిలే అనుకున్నాను. మంగలిని పిలిస్తే, "మనుసుల తలకు పెట్టే కత్తి కుక్కకు పెడితే రేపు నాకాడికి ఎవరొస్తారమ్మా?" అని వెళ్ళిపోయాడు. పక్కింటి మదార్‌బీ వాళ్ళాయన పాత కత్తెర ఒకటి గోడమీద నుంచి ఇచ్చింది. మీ అన్న వాడి తలను ఒళ్ళో పెట్టుకుని తోకదాకా కత్తిరించారు. వాడు కదల్లేదు. అంతటి సహనం మనుషులకు ఉండదు.

బొచ్చు పోయాక చూస్తే, ఆముదం గింజల్లా నీలంగా ఉబ్బిన ఉన్ని, ఒకదాని పక్కన ఒకటి. మదార్‌బీ గోడ అవతల నుంచే చూసి, "మా మేకలకు గమాక్సిన్ పొడి కొడతాం పంకజమ్మా, ఒక్కటి మిగలదు" అంది. మీ అన్న తెచ్చిన ఆ పురుగుల మందు పొడి నేనే చల్లాను. వాడు ఒళ్ళు నాక్కుని నురుగు కక్కాడు. భయపడి నీళ్ళు పోసి కడిగేశాను. ఆ మర్నాటి నుంచి తిండి మానేశాడు. ఒళ్ళు కాలిపోతోంది. చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. ముక్కులోంచి రక్తం చుక్క కూడా పడింది.

ఇక్కడి పశువుల డాక్టరు చూసి, ఉన్ని కరిచినప్పుడు రక్తంలోకి రోగం ఎక్కిందన్నారు, తిరుపతి పెద్ద ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. మీ అన్న మండీ జీపులో గోతం పరిచి పడుకోబెట్టి తీసుకెళ్ళారు. అక్కడే ఉంచుకున్నారట. జీపు మలుపు తిరిగేదాకా వాడు నా వైపే చూశాడు. నా మనసు మనసులో లేదు. వెంటనే జవాబు రాయి.

నీ వదిన,
పంకజాక్షి


తెనాలి,
2-8-1979

వదినకు,

తల కొట్టుకోవాలనిపిస్తోంది. ఇంటికి రాగానే నీ మొదటి ఉత్తరం వెతికి చదివాను. మనం ఉన్ని అనేదాన్ని ఇక్కడ పిడుదులంటారు. ఇక్కడ ఉన్ని అంటే గొర్రె మీది ఉన్నే. ఆయనకు పిడుదుల సంగతి ఎలా తడుతుంది? నీ ఉత్తరం నా చేతికే వచ్చి ఉంటే మొదటి రోజే ఆసుపత్రికి పంపమనేదాన్ని. పొడి చల్లే ముందు నన్ను అడగవలసింది వదినా. కుక్క నాక్కుంటుందని తెలియదా? సరే, తెలిస్తే చల్లేదానివి కాదులే.

ఎలా ఉన్నాడో రాయి. ఇక్కడ అత్తయ్యకు చెప్పలేదు. కుక్క కోసం ఏడుస్తానంటే ఏమనుకుంటారో. ఆయనకు మాత్రం చెప్పాను. రోజూ పోస్టుమాన్ వచ్చే వేళకు పనేదో కల్పించుకుని వాకిట్లోనే ఉంటున్నాను.

శకుంతల


చిత్తూరు,
4-8-1979

చి.సౌ. శకుంతలకు,

దీవెనలు. నీ జవాబు ఇంకా రాలేదు. అయినా ఆగలేక రాస్తున్నాను. మంచి కబురు. మీ అన్న మొన్న తిరుపతి వెళ్ళి వచ్చారు. రాగానే అడిగాను. చెప్పులు విప్పుతూ, తల ఎత్తకుండా, "బాగుండాడులే. సంకటి తింటాండాడు" అన్నారు. "లేచి తిరుగుతాండాడా?" అంటే, "తిరుగుతాండాడు, తిరుగుతాండాడు. నువ్వు పోయి పడుకో" అన్నారు. బాగా అలిసిపోయినట్టున్నారు, అన్నం కూడా సరిగ్గా తినలేదు.

నేను ఊరుకోలేక ఆ రోజే రాగిపిండి విసిరించి పెట్టాను. వాడు రాగానే సంకటి చేసి పెట్టాలి. నీ కుక్క నీకు క్షేమంగా ఉంటుంది, బెంగపెట్టుకోవద్దు.

మీ అన్న ఎండు మిరపకాయల బేరానికి గుంటూరు వెళుతున్నారు. తెనాలికి వచ్చి నిన్ను చూసి వస్తానన్నారు. ఆయన చేత చింతపండు పంపుతున్నాను.

నీ వదిన,
పంకజాక్షి


తెనాలి,
8-8-1979

వదినకు,

చింతపండు అందింది. అన్న కూడా వచ్చి వెళ్ళాడు.

వాకిట్లో కుర్చీ వేస్తే కూర్చోలేదు. నల్లోడు ఎలా ఉన్నాడన్నాను. "పోయినాడు శకుంతలా. తిరుపతిలోనే" అన్నాడు. లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చేసరికి లేచి నిలబడి ఉన్నాడు. "మీ వదినకు ఈ సంగతి రాయొద్దు. ఆమెను ఏమీ అడగొద్దు. కారణం ఉండాది" అన్నాడు. ఏం కారణమని అడిగే లోపల మా అత్తయ్య కాఫీ తెచ్చింది. రైలు వేళయిందని వెళ్ళిపోయాడు.

ఇవాళ నీ ఉత్తరం వచ్చింది. సంకటి తింటున్నాడట! లేచి తిరుగుతున్నాడట! రాగిపిండి విసిరించావట!

వదినా, నన్ను ఇంత వెర్రిదాన్ని అనుకున్నావా? చచ్చిపోయిన వాడికి సంకటి ఎవరు పెడుతున్నారు? నీ చేత్తో చల్లిన పొడి వల్లే పోయాడని నేను అంటానని భయపడి ఈ కథ అల్లావా? అన్న కూడా నిన్ను వెనకేసుకొస్తూ, అడగొద్దని నాకు చెప్పి వెళ్ళాడు. పోయాడని రాసి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. వాడు నా వెంట బడిదాకా వచ్చి, సాయంత్రం గంట కొట్టేదాకా గేటు దగ్గర పడుకున్నవాడు. వాడి చావును కూడా నాకు సరిగ్గా చెప్పలేకపోయావు.

ఇక కుక్క సంగతి నాకు రాయకు.

శకుంతల


చిత్తూరు,
16-8-1979

చి.సౌ. శకుంతలకు,

ఇది పూర్తిగా చదివిన తరువాతే నా మీద కోపపడు. రాయొద్దన్నా రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి నాకు ఏమీ అర్థం కాలేదు. ఎవరు పోయారు, నేనేం దాచాను, మళ్ళీ మళ్ళీ చదివాను. మీ అన్న భోజనానికి రాగానే కంచం పెట్టకుండా ముందు ఉత్తరం పెట్టాను.

"ఎవరికేం చెప్పినారు మీరు?" అన్నాను.

ఆయన ఉత్తరం చదివి మడిచి పక్కన పెట్టారు. "పోయినాడే. నీకు యా నోటితో చెప్పేది? నీ కడుపులో బిడ్డుండాది. ఇప్పుడు నీకు సావు కబురు చెప్పకూడదని అమ్మలక్కలంతా అంటారు కదా" అన్నారు.

అవును శకుంతలా, నాకు నాలుగో నెల. ఇంతకుముందు నిలవక పోయిన సంగతి నీకు తెలుసు. అందుకని ఈసారి కాస్త నెలలు గడిచేదాకా ఎవరికీ చెప్పొద్దనుకున్నాం. ఆయన నీకు చెప్పిన కారణం అదే. నువ్వు అనుకున్నది కాదు.

నేను కాసేపు ఏడ్చాను. తరువాత అడిగాను, "మీరు కళ్ళారా సూసినారా?" అని.

"లేదు. ఆసుపత్రి గేటుకాడ అడిగినా. సిత్తూరు నించి తెచ్చిన నల్లకుక్క ఎట్లుండాదని. నల్లకుక్క నిన్న పోయిందన్నారు."

"లోపలికి పోలేదా?"

"కాళ్ళు రాలేదే" అన్నారు.

అంత పెద్ద మండీ నడిపే మనిషి, గేటు దాటలేకపోయారు. నాకు కోపం రాలేదు. కానీ వాడిని ఎక్కడ పూడ్చిపెట్టారో అయినా చూసి, నీకు నిజం ఒక్కటైనా సరిగ్గా రాయాలనుకున్నాను. ఆయన రానన్నారు. బస్సు కుదుపులకు నన్ను వెళ్ళొద్దన్నారు. మదార్‌బీ మీ అన్నతో, "నేను తోడు పోతాను జయరామన్నా, ముందు సీటులో కూసోబెట్టి పిల్సుకొస్తా" అని బుర్ఖా వేసుకుని బయలుదేరింది. కుక్కను తాకని మనిషి, నా కోసం వచ్చింది.

ఆసుపత్రిలో ఒకాయన బక్కెట్టు పట్టుకుని ఎదురొచ్చాడు. చిత్తూరు నల్లకుక్కను ఎక్కడ పూడ్చారని అడిగాను.

"నల్లకుక్కా? అది రేణిగుంట రైల్వే ఆయనదమ్మా. పాపం పోయింది."

"మాది చిత్తూరు. బెల్లం మండీ వాళ్ళం. మా వాడు కూడా నల్లవాడే."

"సిత్తూరుదా? సిత్తూరు నించి వచ్చింది బోడికుక్క ఒకటే. ఆడ సూడండి" అని వెనక షెడ్డు వైపు చెయ్యి చూపించాడు.

శకుంతలా, అక్కడ నల్లోడు ఉన్నాడు.

బొచ్చు లేక బూడిద రంగులో, ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు. వాడిని నల్లకుక్క అని అక్కడ ఎవరూ అనలేదు, ఎందుకంటారు? నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. తోక ఒక్కటే నేలకు కొట్టాడు. నేను అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. మదార్‌బీ నా కొంగుతోనే నా మొహం తుడిచి, "అల్లా, వీడు బతికే ఉండాడు కదమ్మా, ఇంగ దేనికి ఏడ్సేది?" అంటూ తనూ ఏడ్చింది.

డాక్టరు గోవిందస్వామిగారు మంచివారు, కానీ గట్టిగానే తిట్టారు. "కుక్కను పారేసి పోయినారనుకున్నా. ఒకరైనా లోపలికొచ్చి సూసినారా?" అన్నారు. సూదులూ మందులూ పడ్డాక జ్వరం దిగిందట. మొదట్లో వాళ్ళకే ఆశ లేదట. గమాక్సిన్ పొడి కుక్కకు విషమన్నారు. కడిగేశాను కాబట్టి సరిపోయిందన్నారు.

"ఉన్ని కుక్క మీద ఉండేది రక్తం తాగేంత సేపేనమ్మా. తాగి కిందికి రాలి గోడ నెర్రెల్లో, గోతాల్లో దాక్కుంటాది. గుడ్లు ఆడే పెడతాది. మీరు కుక్కను మాత్రం కడిగి, ఇల్లు అట్లే పెడితే మళ్ళీ ఎక్కుతాది" అన్నారు. అంటే వాడు సుఖంగా పడుకున్న ఆ గోతాలే వాడికి శత్రువులు. నేనే మెత్తగా ఉంటుందని రెండేసి పరిచాను!

ఇంకొన్నాళ్ళు అక్కడే ఉండాలట. మీ అన్నకు వచ్చి చెప్పాను. నమ్మలేదు. మదార్‌బీ గోడ మీద నుంచి ప్రమాణం చేసింది. అప్పుడు తుండు మొహానికి అడ్డం పెట్టుకుని దొడ్లోకి వెళ్ళారు. ఇవాళ పొద్దున మొదటి బస్సుకే తిరుపతి వెళ్ళారు. ఈసారి కాళ్ళు వచ్చాయి.

నేను నీకు అబద్ధం రాయలేదు. నాకు చెప్పిందే రాశాను. ఆ అబద్ధం చివరికి నిజమైంది, అంతే.

నీ వదిన,
పంకజాక్షి


తెనాలి,
17-8-1979

వదినకు,

నమస్కారం. ఆ ఉత్తరం డబ్బాలో వేసిన రోజు నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. నువ్వు జవాబు రాయలేదు. ఎందుకు రాస్తావు?

మా అత్తయ్య నా మొహం చూసి చూసి నిన్న గట్టిగా నిలదీసింది. దాచలేక కుక్క సంగతి మొత్తం చెప్పాను. వెక్కిరిస్తుందనుకున్నాను. ఆవిడ బియ్యం ఏరుతూ, "మా పుట్టింటి ఆవు పోయిననాడు నేను రెండు పూటలా పస్తున్నాను. అది సరే. ఆ పిల్లకి కుక్కంటే భయమన్నావుగా? మరి చెవుల్లో చెయ్యి పెట్టి పిడుదులు ఎలా పీకిందే?" అంది.

నేను అంతదాకా ఆలోచించలేదు వదినా. నువ్వు వచ్చిన కొత్తల్లో వాడు ఎదురైతే గోడకు అతుక్కుపోయేదానివి. నేను నవ్వేదాన్ని. అలాంటిదానివి వాడి కాలివేళ్ళ సందుల్లో వెతికావు. నేను అక్కడ ఉంటే ఇంతకంటే ఏం చేసేదాన్ని? నేనూ ఆ పొడే చల్లేదాన్నేమో. బొచ్చు గొరిగించమన్న తెలివి నాదేగా.

నువ్వు ఏం చేసినా వాడి మంచికే చేశావు. వాడు పోయాడని రాయడానికి చెయ్యి రాక సంకటి తింటున్నాడని రాశావని ఇప్పుడు అర్థమైంది. అబద్ధమే. కానీ నా ఏడుపు చూడలేక చెప్పిన అబద్ధం. నా మనసులో ఇక ఏమీ లేదు. పొడి సంగతి, ఉత్తరం సంగతి, అన్నీ మరిచిపోయాను. నువ్వు కూడా మరిచిపో. వాడికి పెట్టిన చేతికి పుణ్యమే వస్తుంది.

ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

నీ మరదలు,
శకుంతల


చిత్తూరు,
25-8-1979

నా శకుంతలకు,

వదిన దీవెనలు, ఈసారి రెండింతలు. నీ ఉత్తరం నాకు అందిన మర్నాడే నల్లోడు ఇంటికి వచ్చాడు. ఈపాటికి నా పెద్ద ఉత్తరం నీకు చేరి ఉంటుంది. మన రెండు ఉత్తరాలూ గూడూరులోనో ఒంగోలులోనో ఎదురెదురు రైళ్ళలో ఒకదాన్ని ఒకటి దాటుకుని పోయి ఉంటాయి.

మీ అన్న వరండా గోడల నెర్రెలన్నీ సున్నంతో పూయించారు. గోతాలు బయట కాల్చేశాం. చాపను రోజూ ఎండలో వేస్తున్నాను. మధ్యాహ్నం పని అయ్యాక వాడిని పక్కన పడుకోబెట్టుకుని చెవుల నుంచి తోకదాకా వెతుకుతాను. డాక్టరు చెప్పినట్టు వేళ్ళతో నలపకుండా చిన్న పటకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగి, కిరసనాయిల్ గిన్నెలో వేస్తాను. నిన్న ఒక్కటి దొరికింది. ఇవాళ ఏమీ లేదు. వాడికి ఇది అలవాటై, వేళకు తనే వచ్చి నా ముందు పడి చెవి చాస్తున్నాడు. కొత్త బొచ్చు వస్తోంది, నల్లగానే. వైద్యం మాత్రం పూర్తి కాలేదు. మళ్ళీ జ్వరం తిరగబెట్టవచ్చన్నారు. అందుకని రోజూ చిగుళ్ళు కూడా చూస్తున్నాను.

నువ్వు తీసుకువెళతావేమోనని మీ అన్న అప్పుడే దిగులు పడుతున్నారు. నేను అడగను. నీ కుక్క, నీ ఇష్టం. ఒక్కసారి వచ్చి చూసి, అప్పుడు చెప్పు. మీ అత్తగారిని కూడా తీసుకురా. ఆమె అడిగిన ప్రశ్నకు నాకే జవాబు తెలియదు. చెవిలో చెయ్యి ఎలా పెట్టానో.

నీ ఉత్తరం మడిచి నా పెట్టెలో పెట్టుకున్నాను. తిరిగి ఇమ్మని అడగొద్దు. చెయ్యని తప్పుకే ఇంత మనసుతో మన్నించావు. రేపు నిజంగా ఏదైనా తప్పు చేస్తే అది తీసి చూపిస్తాను.

నీ వదిన,
పంకజాక్షి